మా అన్నయ్య సందులో లువానీ బస్సు

మా ఆయనకి ఫుట్‌బాల్ గురించి తెలిసింది ఒక్కటే: మ్యాచ్ ఉన్న రోజున స్టేడియం రోడ్డు మీద బస్సు కదలదు. అంతకు మించి తెలుసుకోవాలని ఆయన ఏనాడూ అనుకోలేదు. అలాంటి మనిషి ఫొటో ఇప్పుడు మా ముందుగది గోడ మీద ఉంది. చుట్టూ తాటిచెట్లంత ఆటగాళ్ళు, నడుమ ఖాకీ చొక్కాలో ఈయన. వచ్చినవాళ్ళంతా "ఈయన కోచా అండీ?" అని అడుగుతారు. "కాదు, దారి తప్పిన డ్రైవరు" అంటాను. ఆయన వినపడనట్టు పేపరు తిప్పుకుంటారు.

ఆయన సిటీ బస్సు నడుపుతారు. జీతం డ్యూటీలో ఉన్నంతసేపటికే ఇస్తారు గానీ, ఈయన డ్రైవరుగిరీ ఇంట్లో కూడా ఆగదు. టీవీలో ఎవరైనా కారు విసురుగా తిప్పితే చాలు, కుర్చీలో కూచున్న మనిషి కుడికాలు నేలని అదుముతుంది. చెప్పులు గుమ్మం దగ్గర వేళ్ళు వీధివైపు ఉండేలా వెనక్కి నడిచి మరీ విడుస్తారు, పొద్దున్నే తిప్పుకునే పని ఉండదట. ఇంకొకళ్ళు నడిపే బండి ఎక్కామా, మన పరువు గంగలో కలిసినట్టే. పెళ్ళయిన కొత్తలో ఒకసారి టాక్సీ ఎక్కాం. దిగేలోపల ఆ కుర్రాడికి క్లచ్ మీద పాఠం పూర్తిచేశారు. వాడు డబ్బులు కూడా సరిగ్గా చూసుకోకుండా పారిపోయాడు.

కోపం వస్తే అరవరు. అదే నాకు ఒళ్ళు మంట. నేను గిన్నెలు విసిరేసి, నోరు నొప్పెట్టేదాకా అరిచి, అలిసిపోయి చూస్తే ఆయన హ్యాండ్‌బ్రేకు వేసిన బండిలా అక్కడే ఉంటారు. "అయిందా?" అంటారు. అయిపోతుంది గదా మరి, ఎంతసేపని అరుస్తాను!

ఈ సంబంధం తెచ్చింది మా అన్నయ్యే. అన్నయ్య అదే డిపోలో కండక్టరు, ఆయన బస్సుకే కండక్టరు. మా ఇంట్లో పెద్దవాళ్ళు కుర్రాడి గుణగణాలేమిటని అడిగితే అన్నయ్య ఒకటే చెప్పాడు. "అతని వెనకాల నిలబడి టికెట్లు కొడుతున్నాను. ఒక్కనాడు కూడా నా చేత్తో కమ్మీ పట్టుకోవాల్సిన అవసరం రాలేదు. బ్రేకు వేస్తే బస్సులో ముసలమ్మకి కూడా తెలియదు. చెల్లికి అంతకన్నా ఏం కావాలి?" అంతే, దానికే పెళ్ళి చేశారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అన్నయ్య చెప్పిన దాంట్లో అబద్ధం లేదు.

పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ బావా బావా అనుకుంటూ ఇంకా అంటుకుపోయారు. కొందరు కండక్టర్లు రైట్ రైట్ అని గొంతు చించుకుంటారు. మా అన్నయ్య నోరు విప్పేవాడు కాదు. అరచేత్తో బస్సు రేకు మీద కొట్టేవాడు. రెండు దెబ్బలు పడితే కదులు, ఒక్కటి పడితే ఆగు. ఒక్కటి పడ్డాక మళ్ళీ రెండు పడేదాకా బస్సు చస్తే కదలకూడదు, అది వాళ్ళ ఒప్పందం. అన్నయ్య ఇల్లు ఒక మూసుకుపోయిన సందు చివర. రూలు ప్రకారం కండక్టరు డిపోలోనే ఎక్కాలి గానీ, ఈయన పొద్దున్నే ఖాళీ బస్సుని బావగారి సందులోకి దూర్చేవారు. అక్కడ తిప్పుకునే చోటు లేదు. అన్నయ్య బస్సు వెనక చేరి రేకు మీద కొడుతూ సందు మొగదాకా వెనక్కి రప్పించి, అప్పుడు ఎక్కేవాడు. ఏళ్ళ తరబడి రోజూ ఇదే తంతు. ఆ వీధివాళ్ళకి వేరే అలారం అక్కర్లేకపోయేది.

పోయినేడు అన్నయ్య రిటైరయ్యాడు. డిపోలో సభ పెట్టారు. అన్నయ్యకి పూలగుత్తి ఇచ్చి, మాట్లాడమని మా ఆయన చేతికి మైకు ఇచ్చారు. పెళ్ళిలో కూడా నాలుగు మాటలు మాట్లాడని మనిషికి మైకు ఇస్తే ఏమవుతుంది? చెమటలు కక్కుకుని, గొంతు సవరించుకుని, "మా బావ గురించి చెప్పేదేముంది? ఇన్నేళ్ళూ బస్సు నేను నడిపాను, ఆయన వెనక సీట్లో హాయిగా నిద్రపోయాడు" అన్నారు. సభంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. మా అన్నయ్య నవ్వలేదు. పూలగుత్తి కుర్చీలో పెట్టేసి, లేచి, ఎవరితోనూ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. అదీ బస్సెక్కకుండా, నడిచి.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నేను మర్నాడే వెళ్ళి అడిగాను.

"ఏంటన్నయ్యా, ఊరికే నవ్వులాటకి అన్న మాటకి ఇంత పట్టింపేమిటి?"

"నవ్వులాటకే అన్నాడా?"

"కాక?"

"మీ ఆయన్నే అడుగు" అని మొహం తిప్పుకున్నాడు.

మా ఆయన్ని అడిగితే, "నేనేమన్నానని? కోపం తగ్గితే ఆయనే వస్తాడు" అన్నారు. ఆయన రాలేదు, ఈయన వెళ్ళలేదు. ఒకళ్ళ ఇంట్లో టీ చల్లారకముందే ఇంకొకళ్ళింటికి వెళ్ళే మనుషులు, రోడ్డు మీద ఎదురైతే సైన్‌బోర్డులు చదువుకుంటూ పోయేవారు. నేనేమో అడకత్తెరలో పోకచెక్క. ఈయన దగ్గర అన్నయ్య పేరెత్తకూడదు, అక్కడ ఈయన పేరెత్తకూడదు. ఇద్దరికిద్దరూ తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

అలా ఏడాది గడిచింది. అప్పుడు వదిన పిడుగులాంటి వార్త చెప్పింది. ఆవిడ చెల్లెలు ఎక్కడో రెండు రోజుల రైలు ప్రయాణమంత దూరంలో బట్టల షాపు పెట్టింది, చూసుకునేవాళ్ళు లేరు, వీళ్ళిద్దరూ అక్కడికే వెళ్ళి ఉండిపోతారట. ఇల్లు ఇచ్చేస్తున్నారు, నెల తిరిగేలోపల ప్రయాణం. ఉన్న ఊళ్ళో ఉండగానే మాట్లాడుకోనివాళ్ళు, అంత దూరం వెళ్ళాక ఇంకేం మాట్లాడుకుంటారు? ఇద్దరూ పెద్దవాళ్ళవుతున్నారు. ఇలాగే ఉండిపోతే, రేపు ఎవరికేమైనా అయితే రెండోవాడు గుమ్మంలో నిలబడి ఏడవడానికైనా మొహం ఉండదు. నా భయమంతా అదే.

సరిగ్గా అప్పుడే మా ఊళ్ళో మహాసముద్ర కప్పు ఫుట్‌బాల్ పోటీలు మొదలయ్యాయి. ఎక్కడెక్కడి దేశాల జట్లో దిగాయి. జట్టుకొక పెద్ద ఏసీ బస్సు, దానికి డిపోలోంచి ఏరికోరి ఒక డ్రైవరు. బ్రేకు నెమ్మదిగా వేస్తాడని పేరున్న మా ఆయనకి లువానీ అనే దీవుల దేశం పడింది. అది ఎంత చిన్న దేశమంటే, ఆ దేశంలోని జనమంతా వస్తే మా స్టేడియంలో ఇంకా కుర్చీలు మిగులుతాయట. పెద్ద పోటీకి రావడం వాళ్ళకి ఇదే మొదటిసారి. మొదటి మ్యాచ్ బ్రెస్కోవాతో. బ్రెస్కోవా అంటే కప్పులు పెట్టుకోవడానికే ఇంట్లో వేరే గది ఉన్న దేశం. మూటాముల్లె విప్పకుండా ఉంటే తిరుగు ప్రయాణానికి తేలికని పేపర్లో లువానీ వాళ్ళని ఎద్దేవా చేశారు.

ఆ రోజు ఏం జరిగిందో నాకు దుబాసీ పిల్ల చెప్పింది. లువానీ కోచ్ మాటలు మన భాషలో చెప్పడానికి పెట్టిన అమ్మాయి, మా ఊరి పిల్లే. హోటల్ దగ్గర ఆటగాళ్ళు ఎక్కారు. ముందు పోలీసు జీపు, వెనకాల బస్సు. బస్సులో ఎవరూ నోరు మెదపడం లేదట, అందరికీ భయం. మా ఆయనకీ భయమే. వెనకాల టికెట్ల గోల లేదు, గంట లేదు, రేకు మీద చప్పుడు లేదు. అంత నిశ్శబ్దంగా ఉన్న బస్సు ఆయన నడిపింది డిపో నుంచి బావగారి ఇంటిదాకా వేసే ఆ పొద్దుటి ఖాళీ ట్రిప్పొక్కటే. ఆ మలుపు రాగానే చేతులు వాటంతట అవే స్టీరింగు తిప్పేశాయి. జీపు తిన్నగా స్టేడియానికి పోయింది. బస్సు వెళ్ళి మా అన్నయ్య సందులో ఇరుక్కుంది.

"ఇదేమిటి అంకుల్?" అందట దుబాసీ పిల్ల.

"దగ్గర దారి" అన్నారట ఈయన, ఎదురుగా గోడ కనిపిస్తుంటే!

ముందుకు వెళితే గోడ, వెనక్కి వెళ్ళాలంటే చూసేవాడు లేడు. అది మా పాత డొక్కు బస్సు కాదు, రెండు పక్కలా కిటికీ తలుపులు గీసుకునేంత వెడల్పు. మా అన్నయ్య చిల్లుల బనియనుతో, చేతిలో టీ గ్లాసుతో మెట్ల మీద కూచుని ఉన్నాడు. బస్సుని చూశాడు. డ్రైవరుని చూశాడు. వదిన అయితే బస్సు ఇంట్లోకి వచ్చేస్తోందని కేక పెట్టిందట. ఈయన తల తిప్పలేదు, సాయం అడగలేదు. చివరికి అన్నయ్య లేచి, టీ గ్లాసు చేతిలోనే పట్టుకుని బస్సు వెనక్కి నడిచాడు. రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. బస్సు కదిలింది. రెండు, మళ్ళీ రెండు, నీళ్ళ డ్రమ్ము దగ్గర ఒక్కటి, డ్రమ్ము జరిపి మళ్ళీ రెండు. గోడకి గీత పడకుండా సందులోంచి బయటపడ్డారు. ఒక్క మాట లేదు. అన్నయ్య మిగిలిన టీ తాగుతూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆలస్యంగా దిగిన లువానీ జట్టు ఆ రోజు బ్రెస్కోవాని ఒక్క గోలుతో చిత్తుచేసింది.

మర్నాడు దుబాసీ పిల్లని వెంటబెట్టుకుని లువానీ కోచ్ అన్నయ్య ఇంటికి వచ్చాడు. గుమ్మం నిండేంత మనిషి, నెరిసిన మీసాలు. నేనప్పుడు అక్కడే ఉన్నాను, వదినకి సామాను సర్దడంలో సాయం చేస్తూ. కప్పులు మూట కట్టేశాం కాబట్టి ఆయనకి స్టీలు గ్లాసులో టీ ఇచ్చాం.

"రేపటి మ్యాచ్‌కి కూడా బస్సు ఈ సందులోకే వస్తుందట అంకుల్" అంది పిల్ల. "మీరు ఇలాగే మెట్ల మీద ఉండాలట. మళ్ళీ బస్సుని అలాగే కొట్టాలట."

"ఎందుకు?" అన్నాడు అన్నయ్య.

"గెలిచారు కదా అంకుల్. వాళ్ళ దీవుల్లో అంతేనట, కలిసొచ్చిన దాన్ని మార్చరట. మీరు ఆ బనియనే వేసుకోవాలట."

"అది ఉతకడానికి వేశాం" అంది వదిన.

పిల్ల అది చెప్పగానే కోచ్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఉతకొద్దంటున్నారు ఆంటీ" అంది పిల్ల.

"ఛీ" అంది వదిన.

అన్నయ్య గడ్డం గోక్కుని, "సరే వస్తాను. కానీ ఒక మాట, ఆ డ్రైవరుతో మాత్రం నేను మాట్లాడను. ముందే చెబుతున్నాను" అన్నాడు. రాజీ మాట ఎత్తడానికి ఇదే అదనని నేను నోరు తెరిచేలోపల పిల్ల ఆ మాట కోచ్‌కి చెప్పింది. ఆయన తల గబగబా ఊపి ఏదో అన్నాడు.

"మాట్లాడనే కూడదంటున్నారు అంకుల్. మొదటిరోజు మాట్లాడలేదు కదా, మాట్లాడితే కలిసొచ్చింది పోతుందట."

నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. ఏడాదిపాటు వీళ్ళిద్దరి చేత మాట్లాడించడానికి నేను కాళ్ళకి బలపాలు కట్టుకుని తిరుగుతుంటే, ఎవడో మీసాలాయన సముద్రాలు దాటి వచ్చి మాట్లాడకపోవడాన్ని రూలు చేసి కూచున్నాడు! అన్నయ్య మొహంలో మాత్రం గెలిచినవాడి కళ కనిపించింది. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, "కోచ్ చెప్పాడంటే మరి వినాలిగా" అన్నారు బుద్ధిమంతుడిలా. దొందూ దొందే.

ఇక చూడండి, ఆ సందు సందు కాదు తిరునాళ్ళయింది. రెండో మ్యాచ్ మెరిందాతో. బస్సు సందులోకి రావడం, అన్నయ్య చిల్లుల బనియనుతో లేవడం, దెబ్బలు కొట్టడం, బస్సు వెనక్కి పోవడం, లువానీ గెలవడం. మూడోదీ గెలిచారు. వీధివాళ్ళు మేడల మీదికి ఎక్కి చూసేవాళ్ళు. ఆటగాళ్ళు కిటికీల్లోంచి చేతులూపితే వదిన కూడా చీపురు పట్టుకున్న చెయ్యే ఊపేది. పోలీసు జీపు సందు మొగలో కాపలా ఉండేది. ఇంత హడావుడిలోనూ ఆ ఇద్దరు మాత్రం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు కాదు.

ఒకరోజు నేనూ సందులో నిలబడి చూశాను. ఆ పెద్ద బస్సు గోడకి జానెడు దూరంలో, ఎక్కడా తడబాటు లేకుండా వెనక్కి పోతోంది. సాయంత్రం ఆయనకి టీ ఇస్తూ అడిగాను.

"అంత ఇరుకులో అద్దం చూసుకోకుండా ఎలా వస్తారండీ? నేను చూశాను, మీరు ఒక్కసారి కూడా అద్దం చూడలేదు."

"అద్దం ఎందుకే? వెనకాల మీ అన్నయ్య ఉన్నాడుగా" అన్నారు. అని, ఎక్కువ మాట్లాడేశాననుకున్నారో ఏమో, గ్లాసుతో సహా పెరట్లోకి వెళ్ళిపోయారు.

నేనాగుతానా? మర్నాడే ఆ మాట అన్నయ్య చెవిలో వేశాను. గోనెసంచి కుడుతున్నవాడు సూది పట్టుకుని అలా ఉండిపోయాడు. కరిగాడు, పని అయిందనుకున్నాను. మళ్ళీ సూది గుచ్చుతూ, "అద్దం చూసుకోమని చెప్పు. నేను మళ్ళీ నిద్రపోతానేమో" అన్నాడు. కొట్టడమొకటే తక్కువ నేను.

కానీ ఒకటి గమనించాను. అన్నయ్య ప్రయాణం వాయిదా వేశాడు. "పాపం ఆ పిల్లలు నన్ను నమ్ముకుని ఉన్నారు, వాళ్ళ ఆట అయ్యేదాకా ఉంటాను" అన్నాడు. వదిన విసుక్కుంది. సామానంతా మూటల్లో, ఒక్క గిన్నెలో వంట, ఆ గిన్నెలోనే తినడం. అదిగో, అప్పుడు నాకు ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. లువానీ గెలిచినంతకాలం అన్నయ్య ఊళ్ళో ఉంటాడు. లువానీ ఓడిన మర్నాడు వెళ్ళిపోతాడు. గెలిస్తే వీళ్ళు మాట్లాడుకోకూడదు, ఓడితే మాట్లాడుకోవడానికి మనిషే ఉండడు. అయినా ఉండటమే నయం గదా! బంతి లువానీ గోలు వైపు వస్తే చాలు, నేను టీవీ ముందు లేచి నిలబడి వాళ్ళ గోలు కాసే ఆ పొడుగు గోలీని "పట్టుకోరా నాయనా" అని బతిమాలేదాన్ని. ఇరుగుపొరుగు నాకు మతిపోయిందనుకున్నారు. అనుకోనీ, ఎవరి బాధ వాళ్ళది.

సెమీఫైనల్లో గ్రాన్‌వేరా తగిలింది. బస్సు సందులోకి వెళ్ళింది, దెబ్బలు పడ్డాయి, అన్నీ ఎప్పటిలాగే. ఆట చివరికి చెరో గోలు. పెనాల్టీ కిక్కులకి దిగారు. లువానీ కుర్రాడు కొట్టిన ఆఖరి బంతి గోలు స్తంభానికి తగిలి బయటికి పోయింది. ఆ కుర్రాడు గడ్డి మీద మొహం పెట్టుకుని పడిపోయాడు. పొడుగు గోలీ వెళ్ళి వాడి పక్కన కూచున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వాళ్ళ కోసం ఎంత ఏడ్చానో నా కోసం ఎంత ఏడ్చానో నాకే తెలియదు.

పొద్దుగూకేసరికి మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు విడిచారు. ఎప్పటిలా వేళ్ళు వీధివైపు ఉండేలా విడవడం కూడా మర్చిపోయారు.

"రేపు పొద్దున్న వాళ్ళని విమానాశ్రయంలో దింపాలి" అన్నారు.

"రేపు పొద్దున్నే అన్నయ్య కూడా వెళ్తున్నాడు. లారీ మాట్లాడేశారు" అన్నాను.

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి నడవబోయారు.

"వినపడిందా? ఇక మీ బావ ఈ ఊరు రాడు. మీరు అక్కడికి వెళ్ళేవారు కాదు. ఇన్నేళ్ళ స్నేహం ఒక్క మాటకి తగలబెట్టుకుని కూచోండి ఇద్దరూ. నేను మళ్ళీ అడిగితే ఒట్టు!" అని గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టాను. ఆయన "అయిందా" అనలేదు. ఆ ఒక్క మాటా అని ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉండేది.

పొద్దున్న నేను వెళ్ళేసరికి లారీ అన్నయ్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మూటలు ఎక్కించేశారు. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఖాళీ గదుల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. వదిన తాళంచెవి ఇంటివాళ్ళకి ఇచ్చేసింది. ఇక ఎక్కడమే తరువాయి అనగా సందు మొగలో హారన్ వినపడింది. లువానీ బస్సు లోపలికి వస్తోంది.

మ్యాచ్ లేదు, అదృష్టంతో పని లేదు. కిటికీల్లో ఆటగాళ్ళ మొహాలు వాడిపోయి ఉన్నాయి. ఎందుకొచ్చామని ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. బస్సు లారీ ముందు ఆగింది. మా ఆయన స్టీరింగు పట్టుకుని, ఎదురుగా చూస్తూ కూచున్నారు. దిగలేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంతదూరం వచ్చి దిగడానికేం మాయరోగం అనుకున్నాను. అన్నయ్య మెట్లు దిగాడు. డ్రైవరు తలుపు వైపు వెళతాడేమోనని చూశాను. వెళ్ళలేదు. తిన్నగా బస్సు వెనక్కి పోయి రెండు దెబ్బలు కొట్టాడు. బస్సు కదిలింది. అయిపోయింది, ఇద్దరూ ఇలాగే మొండిగా చస్తారనుకున్నాను.

రెండు, మళ్ళీ రెండు. బస్సు సందులో సగందాకా వెళ్ళింది. అప్పుడు ఒక్క దెబ్బ పడింది.

బస్సు ఆగింది. నేను వెనక్కి తొంగిచూశాను. సందు మొగదాకా ఖాళీ. డ్రమ్ము లేదు, సైకిలు లేదు, కుక్క కూడా లేదు. అన్నయ్య అరచెయ్యి రేకు మీద ఆనించి, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఇంజను ఆడుతోంది. రెండు దెబ్బల కోసం ఎదురుచూస్తోంది బస్సు. పడలేదు. వేరే డ్రైవరయితే హారను కొట్టేవాడు, తల బయటపెట్టి అరిచేవాడు. మా ఆయన ఉలుకూ పలుకూ లేకుండా ఆగే ఉన్నారు. చాలాసేపటికి ఇంజను ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది. ఆయన దిగి, బస్సు పక్కనే గోడని రాసుకుంటూ వెనక్కి నడిచారు. ఆయన వెనకాలే నేనూ వదినా వెళ్ళాం.

"ఏంటి బావా? ఎవరైనా అడ్డం వచ్చారా?"

"ఎవరూ రాలేదు."

"మరి?"

"రెండు కొట్టడానికి చెయ్యి రాలేదు" అన్నాడు అన్నయ్య.

ఏడాది తర్వాత మొదటి మాటలవి. మా ఆయన చొక్కా చివర నలుపుకుంటూ నిలబడ్డారు. అన్నయ్యే మళ్ళీ అన్నాడు, ఈయన మొహం చూడకుండా.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నేను నిద్రపోయేవాణ్ణని నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఏంటి?"

"చెల్లెమ్మ ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు. రాత్రంతా అక్కడ మేలుకుని పొద్దున్న డ్యూటీకొచ్చేవాణ్ణి. వెనక సీట్లో కళ్ళు మూతలు పడిపోయేవి. ఓసారి ఒక పెద్దావిడ దిగుతుంటే కూడా చూడలేదు. మెట్టు మీద తూలింది, ఎవరో పట్టుకున్నారు. ఆ రోజు నుంచి అది నా గుండెలో ముల్లు. ఎవరికీ తెలియదనుకున్నాను. నువ్వు తెలిసి కూడా ఇన్నేళ్ళు దాచుకుని, ఆఖరి రోజున అంతమందిలో..."

'చెల్లెమ్మ' అంటే ఈయనకి చెల్లెమ్మ, మా వదిన. ఆవిడ నా పక్కన నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ సంగతి ఆవిడకీ తెలియదు.

మా ఆయన తెల్లబోయి చూశారు. "నిజంగా నిద్రపోయావా బావా?"

"నీకు తెలియదా?"

"నాకెలా తెలుస్తుంది? నేను ముందుకి కదా చూసేది! వెనక నువ్వున్నావని నేనెప్పుడూ వెనక్కి చూడలేదు. ఏదో నవ్వించాలని నోటికొచ్చింది అన్నాను. అది నిజమని తెలిస్తే నా నాలుక కోసుకునేవాణ్ణి గానీ..."

అన్నయ్య నవ్వాడో ఏడ్చాడో చెప్పలేను. రెండు చేతుల్తో ఈయన భుజాలు పట్టుకుని ఊపేశాడు. "ఏడాది బావా! ఏడాది పాడుచేసుకున్నాం" అన్నాడు. మా ఆయన ముక్కు చీదుకుని, "నువ్వు అడగొచ్చుగా" అన్నారు. "నువ్వు రావొచ్చుగా" అన్నాడు అన్నయ్య. ఇక పాత పద్ధతిలో పోట్లాట మొదలైంది. బస్సులోని వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆ పొడుగు గోలీ కిటికీలోంచి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళూ అందుకున్నారు. అందరినీ దింపి ఫొటో తీయించింది కోచ్ గారే. దుబాసీ పిల్ల మాత్రం గడియారం చూసుకుంటూ, "అంకుల్, విమానం... అంకుల్, విమానం" అని గిలగిల్లాడింది.

వెళ్ళక తప్పదు. లారీ వెళ్ళాలి, విమానం వెళ్ళాలి. అన్నయ్య వెళ్ళడం కూడా ఆగలేదు, షాపు వాళ్ళకి మాట ఇచ్చేశాడు. మా ఆయన ఎక్కి ఇంజను వేశారు. అన్నయ్య కళ్ళు తుడుచుకుని, వెనక నిలబడి, రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు.

బస్సు కదలలేదు.

మళ్ళీ రెండు కొట్టాడు. కదలలేదు. నా పెళ్ళయినప్పటి నుంచి చూస్తున్నాను, ఆ రెండు దెబ్బలు పడ్డాక బస్సు కదలకపోవడం అదే మొదలు. గోడవార నిలబడి బస్సు పక్క అద్దంలో చూస్తే మా ఆయన స్టీరింగు మీద తల ఆనించి కూచుని ఉన్నారు.

"పోనీ బావా" అన్నాడు అన్నయ్య వెనక నుంచి. రేకు మీద చెయ్యి ఉంది గానీ కొట్టలేదు. నోటితోనే అన్నాడు. "పోనీ, నేనున్నాగా వెనకాల."